ఆ రోజు ఎలా ఉందో అలాగే

4, బుధవారం

నాకు కుళ్ళట.

పిన్ని అంది, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ. పక్కగదిలో నేనున్నానని తెలిసే అంది. "దానికి కుళ్ళక్కా. తను వద్దన్న మనిషి అక్క పక్కన దొరబాబులా నిలబడ్డాడు కదా, లోపల కాలుతోంది. పెళ్ళిలో దాని మొహం చూశావా, ఆముదం తాగినట్టు."

పిన్ని సంగతి నాకు కొత్త కాదు. ఎండ ఎక్కువైనా ఎవరి కళ్ళో పడ్డాయంటుంది. కానీ అమ్మ ఊరుకోలేదు చూడు, కాదు, ఊరుకుంది. అదే నా బాధ. "ఛ, అదలాంటిది కాదే" అని ఒక్క ముక్క అనొచ్చుగా. కుళాయి కట్టేసి, "పోన్లే, చిన్నపిల్ల, అదే సర్దుకుంటుంది" అంది. ఇరవై నాలుగేళ్ళ చిన్నపిల్ల. కెమిస్ట్రీ డిగ్రీ చేసిన చిన్నపిల్ల.

పోయిన ఏడాది అతన్ని పెళ్ళిచూపులకి మా ఇంటికి తెచ్చింది నా కోసమే. నిజమే. నేను వద్దన్నాను. అదీ నిజమే. టీ తాగాక అతను ట్రేలో కప్పుల పిడులన్నీ ఒకే వైపుకి వచ్చేలా తిప్పి పెట్టాడు. అమ్మ మాటల్లో పడి తన కప్పు అడ్డంగా పెట్టింది. అతను నవ్వుతూనే, నాన్నతో మాట్లాడుతూనే, దాన్ని తిప్పాడు. అమ్మ ఇంకో గుక్క తాగి మళ్ళీ అడ్డంగా పెట్టింది. మళ్ళీ తిప్పాడు. మూడోసారి అమ్మ వేళ్ళింకా పిడి మీదే ఉన్నాయి. వేళ్ళతో సహా తిప్పాడు.

ఎందుకు వద్దన్నావే అని అడిగితే "కప్పులు" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో నేను కప్పుల మహారాణిని. అక్క కూడా పడీపడీ నవ్వింది, పైకప్పు లేచిపోయేలా. "ఒసేయ్ చిట్టెలుకా, సర్దే మొగుడు దొరికితే కళ్ళకద్దుకోవాలే! నేను చేసుకుంటాలే పో" అంది. సరదాకి అందనుకున్నాను. ఆరునెలల్లో చేసుకుంది.

అందుకే బొకే పని నేనే తీసుకున్నాను; పెళ్ళి పూలని ఎండబెట్టి, అద్దంలా గట్టిపడే రెజిన్‌లో పోతపోసి దాచిపెట్టే వర్క్‌షాపులోనే కదా నా ఉద్యోగం. కుళ్ళున్నదాన్నైతే అక్క పెళ్ళి పూలని నెలరోజులు చేతుల్లో పెట్టుకుని కాపాడతానా?

ఆదివారం, పెళ్ళిరోజు సాయంత్రం, హాలు బయట బొకే అతనే తెచ్చి ఇచ్చాడు. అక్క అప్పటికే కార్లో కూర్చుంది, అద్దం దించలేదు. "మీ చేతుల్లో పెడుతున్నా మరదలుగారూ. పంతొమ్మిది గులాబీలు. లెక్కపెట్టే ఇస్తున్నా. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి" అన్నాడు. ఆ రోజు ఇంకా అయిపోనేలేదు, అప్పుడే "ఆ రోజు" అంటున్నాడేంటి అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే వర్క్‌షాపులో, మా ఓనరు మేడం నేర్పిన పద్ధతిలో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, తర్వాతే కత్తెర పట్టాను. పిడికి చుట్టిన రిబ్బన్ విప్పాను, కాడలు ఒక్కోటీ విడదీశాను, పూలని తేమ పీల్చే సిలికా పొడిలో పాతిపెట్టి పెట్టె మూశాను. రిబ్బన్ తిరగేసి చుట్టి ఉంది, మెరుపు వైపు లోపలికి. పూలవాడు హడావిడిలో ఉన్నాడేమో. లోపల, మెరుపు వైపు, మచ్చలున్నాయి. ఇటుకరంగు. ఆర్డరు స్లిప్పులో రాశాను: పసరు మరకలు, ఉతకాలి.

5, గురువారం

పెట్టెలో పొడితో కలిపిన నీలం పూసలు ఇంకా నీలంగానే ఉన్నాయి. తడి తగిలితే గులాబీరంగు తిరుగుతాయి. తిరగలేదు. అంతా బాగుంది.

8, ఆదివారం

అక్క వీడియో కాల్ చేసింది. చేసింది అంటే, ఫోను అతని చేతిలో ఉంది. అక్క సోఫాలో కూర్చుంది, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని. వెనక గోడకి నాలుగు ఫోటోలు, నాలుగూ స్కేలు పెట్టి గీసినట్టు.

అమ్మ "ఎలా ఉన్నావే" అంటే, "బాగున్నానమ్మా" అంది. "లైబ్రరీకి ఎప్పటి నుంచి వెళ్తావు" అని నేనడిగితే అక్క నోరు తెరిచింది. జవాబు మాత్రం ఫోను వెనక నుంచి వచ్చింది. "ఇప్పుడేం తొందర మరదలుగారూ, కాస్త విశ్రాంతి తీసుకోనివ్వండి. ఏళ్ళ తరబడి పుస్తకాలు అందించి అందించి అలిసిపోయింది." అమ్మ మురిసిపోయింది. "అదృష్టవంతురాలివే" అంది.

అక్క మంచినీళ్ళు తాగింది. ఎడంచేత్తో.

నాకెందుకు గుర్తుండాలి ఇది? కుడిచేయి మొత్తం మాట్లాడినంతసేపూ దిండు కింద ఉంది. చలేమో. చలి కాదు, ఫ్యాను తిరుగుతోంది.

అక్క ఒక్కసారి కూడా నవ్వలేదు అని రాయబోయాను. నవ్వింది. చప్పుడు రాలేదు.

9, సోమవారం

అక్క నంబరు నుంచి మెసేజి. "చెల్లీ, బొకే పని ఎంతవరకు వచ్చింది? జాగ్రత్తగా చేయగలవు."

నేను పుట్టిన దగ్గర్నుంచి అక్క నన్ను చెల్లీ అని పిలవలేదు. చిట్టెలుక, ఎలుక, ఎలకమ్మ, కోపం వస్తే పందికొక్కు. "చేయగలరు" లాంటి మాటలు అక్క లైబ్రరీ నోటీసుబోర్డు మీద రాసేది, మనుషులకి కాదు.

పెళ్ళైతే మనుషులు మారతారు. అందరూ అంటారుగా.

11, బుధవారం

ఫోటోగ్రాఫరు ఫోటోలు పంపాడు. అందరం టేబుల్ చుట్టూ చేరి చూశాం. పిన్ని నా పక్కనే కూర్చుంది, ఫోటోలకన్నా నా మొహమే ఎక్కువ చూసింది. నేను పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ కూర్చున్నాను. దవడలు నొప్పెట్టాయి.

నూటఅరవై మూడో ఫోటో. అక్క కుడిచేత్తో బొకే పట్టుకుంది, అతను ఆమె చేతి మీద తన చేయి వేశాడు. "అబ్బ, చూడండే, ఎంత గట్టిగా పట్టుకున్నాడో! వదిలితే పారిపోతుందనుకున్నాడేమో!" అంది పిన్ని. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. నాన్న దేనికీ నవ్వడు కాబట్టి అది లెక్కలోకి రాదు.

ఆ ఫోటోని నేను పెద్దది చేసి చూశాను, అందరూ లేచాక. అతని వేళ్ళ కణుపులు తెల్లగా ఉన్నాయి. అక్క బొటనవేలి గోరు తెల్లగా, దాని చుట్టూ ఎర్రగా. అక్క నవ్వుతోంది, ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు అక్కని పన్ను పీకించడానికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు "నొప్పుందా" అంటే "లేదండీ" అన్నప్పటి నవ్వు.

తర్వాతి ఫోటోలు చూశాను. నూటఅరవై ఎనిమిది దాకా పిడి మీద రిబ్బన్ మెరుస్తోంది. ఆ తర్వాత ఇరవై ఫోటోల్లో అక్క లేదు. మళ్ళీ వచ్చేసరికి రిబ్బన్ మెరవడం లేదు.

లైటింగ్ తేడా.

12, గురువారం

నాకు కుళ్ళు లేదు. నాకు కుళ్ళు లేదు.

14, శనివారం

పెట్టె తెరిచాను. పొడిని స్పూనుతో పక్కకి జరుపుతూ, కుంచెతో దులుపుతూ ఒక్కో పువ్వునీ పైకి తీయాలి. తెల్లవి కదా, ఎండాక వెన్నరంగుకి తిరిగాయి. పద్దెనిమిది చక్కగా వచ్చాయి. పంతొమ్మిదోదానికి పైరేక ఒకటి ఊడి నా అరచేతిలో పడింది.

మామూలే అది. వంద పూలలో పదింటికి ఊడతాయి, బంక చుక్క పెట్టి అతికిస్తాం. ఏ పెళ్ళికూతురూ కనిపెట్టలేదు. అయినా బంక మూత తియ్యలేకపోయాను. అతనికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, చెప్పకపోతే కనిపెడతాడా అని. మేడం అటువైపు నుంచి చూసి, "ఏంటమ్మాయ్, పువ్వు కరిచిందా?" అంది.

నవ్వాను. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న మనిషికి ఒక ఎండిన రేక గురించి నేను భయపడ్డాను. నాకే ఇలా ఉంటే, ఆ ఇంట్లో...

బంక పట్టింది. కనిపించదు.

17, మంగళవారం

అతను వర్క్‌షాపుకి వచ్చాడు.

మధ్యాహ్నం, మేడం భోజనానికి కిందికి వెళ్ళాక. మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా లేదు. తల ఎత్తితే గుమ్మంలో ఉన్నాడు. ఇవాళ వాళ్ళ కళ్ళజోళ్ళ షాపుకి సెలవట, పని మీద ఇటు వచ్చాడట.

"అక్క రాలేదా బావగారూ?"

"తలనొప్పి, పడుకుంది. ఎవరైనా బెల్లు కొట్టి లేపుతారేమోనని బయట తాళం వేసి వచ్చాను."

ఎంత మామూలుగా అన్నాడంటే, నేను "అవునా, మంచిది" అన్నాను. మంచిది అన్నాను. రాస్తుంటే చెయ్యి తెగ్గొట్టుకోవాలనిపిస్తోంది.

గోడకున్న ఫ్రేములు నాలుగు సరిచేశాడు. పూలు చూశాడు, పెదాలు కదిపి లెక్కపెట్టాడు. మొదటి పొర రెజిన్ పోసిన అచ్చు చూపించాను, ఇంకా నాలుగు పొరలు, ఒక్కోటి గట్టిపడ్డానికి ఒక రోజు, తర్వాత సానపట్టడం అని చెప్పాను. గొంతు చిన్నపిల్ల పాఠం అప్పగించినట్టుంది. ఆ రేక దగ్గర అతని వేలు ఆగింది. ఆగి, ముందుకు వెళ్ళింది.

తర్వాత నా వైపు తిరిగి, "మీ కళ్ళజోడు వంకరగా ఉంది" అన్నాడు. అని, నా మొహం మీంచి తీసేశాడు. అడగలేదు. రెండు చేతులతో, మెత్తగా, ఎంతో అలవాటున్న చేతులతో. నాకు అది లేకపోతే మూడడుగుల తర్వాత అంతా మసక. ఆ మసకలో ఒక ఆకారం నా కళ్ళజోడు కాళ్ళని వంచుతోంది, టిక్, టిక్ అని. పారిపోవాలన్నా మెట్లు ఎటున్నాయో తెలియదు, నేను రోజూ ఎక్కే మెట్లు. నిలబడ్డాను. కదలకుండా నిలబడితే త్వరగా అయిపోతుందనిపించింది.

మళ్ళీ పెట్టాడు. చెవుల వెనక సర్దాడు. "ఇప్పుడు సరిపోయింది. కాస్త బిగుతుగా ఉంటుంది, అలవాటవుతుంది."

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. "ఆ, మరదలుగారూ, రిబ్బన్ కూడా పెడతారుగా? లోపలి వైపు ఒక మరకుంటుంది. ఉతికేయండి."

సరే బావగారూ అన్నాను.

అతను వెళ్ళిన పావుగంటకి తట్టింది నాకు. లోపలి వైపు మరకుందని, విప్పినవాళ్ళకి కదా తెలుస్తుంది.

18, బుధవారం

పూలషాపుకి ఫోన్ చేశాను. బొకే కట్టిన ముసలాయన ఎత్తాడు.

"రిబ్బన్ తిరగేసి చుట్టానా? నేనా? ముప్ఫై ఏళ్ళుగా చుడుతున్నా తల్లీ. మెరుపు వైపు లోపలికి పెడితే మా ఓనరు నన్నే చుట్టి బయట పెడతాడు."

"మరి రిబ్బన్ ఊడకుండా పిన్నులు ఎన్ని గుచ్చారు?"

"మూడు. ఎప్పుడూ మూడే. ముత్యం తలవి."

రిబ్బన్ మీద పిన్నుల రంధ్రాలు ఆరు. రెండు వరసలు. విప్పిన రోజే చూశాను. చూసి, చూడనట్టు కవర్లో పెట్టాను.

"కాడలకి తీగ కట్టారు కదా, దాని కొసలు చేతికి గుచ్చుకోవా?"

"కొసలు వంచేసి టేపు చుట్టి, ఆ పైన రిబ్బన్ చుడతాను. మామూలుగా పట్టుకుంటే ఏం కాదు. బాగా పిసికితే వస్తాయనుకో. బొకేని ఎవరు పిసుకుతారమ్మా?"

ఎవరు పిసుకుతారు. అక్క పిసకలేదు. అక్క చేతిని పిసికారు, నలుగురి ముందూ, ఫోటో తీస్తుండగా. ఎందుకో నాకు తెలియదు. పక్కన ఎవరితోనో ఎక్కువ నవ్విందేమో. బొకే కాస్త వంకరగా పట్టుకుందేమో.

ఇది రాశాక కూడా ఒక గొంతు అంటోంది: పిన్ను గుచ్చుకుని ఉండొచ్చు. నీకు కుళ్ళు కాబట్టి ఇలా తోస్తోంది.

చెవుల వెనక నొప్పి. బిగుతు అలవాటు కాలేదు.

19, గురువారం

అమ్మకి చెప్పాను. ఉతికిన తువ్వాళ్ళు మడతపెడుతోంది. అన్నీ చెప్పాను, తీగ, రంధ్రాలు, తాళం, కళ్ళజోడు. ఎంత త్వరగా చెప్పానంటే నాకే పిచ్చిదాని మాటల్లా వినిపించాయి.

"అయిందా?" అంది అమ్మ.

"అమ్మా, అక్క చేతికి..."

"ఆ చేతికి మందు రాసింది నేనే."

"ఎప్పుడు?"

"పెళ్ళిరోజు. బట్టలు మార్చుకునే గదిలో. అరచేతిలో ఇంత లోతుగా గుచ్చుకుంది. పిన్ను గుచ్చుకుందమ్మా అంది. సరే అన్నాను. ప్లాస్టర్ వేశాను. రిబ్బన్ అంతా అయింది, అబ్బాయే పాపం విప్పి మళ్ళీ చుట్టాడు, ఎవరికీ కనపడకుండా. ఎంత ఓర్పు."

"నువ్వేమనుకున్నావమ్మా? అప్పుడు?"

అమ్మ ఒక తువ్వాలు మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

"పిన్ను అంటే పిన్నే. మూడు వారాలు కూడా కాలేదు పెళ్ళై. నలుగురూ చెల్లెలే కాపరం కూల్చిందంటారు. అక్క సుఖంగా ఉంటే నీకెందుకే అంత..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యకపోయినా వినపడింది. "వెళ్ళు. ఆ రిబ్బన్ ఉతికెయ్. వెళ్ళు తల్లీ."

తల్లీ అన్నప్పుడు నా వైపు చూడలేదు. అమ్మకి తెలుసు. అమ్మకి నాకన్నా ముందు తెలుసు.

20, శుక్రవారం

ఉతకడానికే కూర్చున్నాను. రాస్తున్నాను కదా, నాకు నేను అబద్ధం చెప్పుకోను. వర్క్‌షాపు తెరవగానే బేసిన్లో చల్లనీళ్ళు పోశాను, సబ్బు చుక్క వేశాను, రిబ్బన్ కవర్లోంచి తీశాను. ఉతికేస్తే అయిపోతుంది. అమ్మ కోరింది, అతను కోరాడు, అక్క కూడా అడగలేదు ఏమీ. అందరూ కోరినట్టు చేస్తే నేను కుళ్ళుబోతుని కాకుండా పోతాను.

కొస నీళ్ళకి ఇంకా తగల్లేదు. వెనక నుంచి మేడం, నోట్లో యాలక్కాయ నములుతూ, "స్లిప్పులో ఏం రాశావు దాని గురించి?" అంది.

"పసరు మేడం."

నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో పట్టింది. చాలాసేపు.

"పసరు ఎండితే అంచుల్లో ఆకుపచ్చ మిగులుతుంది. నువ్వు కెమిస్ట్రీ చదివావు, నేను పదో తరగతి తప్పాను. నేను చెప్పాలా?"

నేను బేసిన్ పక్కకి జరిపాను.

"ఎవరి బొకేది ఇది?"

"మా అక్కది."

మేడం రిబ్బన్‌ని తెల్లకాగితంలో మడిచింది. బేసిన్‌లో నీళ్ళు తనే పారబోసింది. స్లిప్పు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "ముందు తప్పు కొట్టెయ్. సరిగ్గా రాయి. తర్వాత ఉతుకుతావో, ఉంచుతావో నీ ఇష్టం. నా వర్క్‌షాపులో స్లిప్పు మీద తప్పు రాయకూడదు, అంతే."

పెద్దగా ఓదార్చలేదు. వెళ్ళి తన టేబుల్ దగ్గర కూర్చుని ఎవరిదో అచ్చు సానపట్టింది.

నేను "పసరు" కొట్టేశాను. పెన్ను కాసేపు కాగితం మీద ఆగిపోయింది, సిరా చుక్క అయింది. రక్తం అని రాశాను. మూడు అక్షరాలు కూడా లేవు. రాయడానికి దాదాపు మూడు వారాలు పట్టింది.

21, శనివారం

రెండో పొర పోశాను, అచ్చు దగ్గరే కూర్చుని బుడగలు సూదితో పొడిచాను. చేతులకి పని కావాలి.

22, ఆదివారం

తెలియని నంబరు. ఎత్తాను.

"చిట్టెలుకా."

అక్క గొంతు గుసగుస, వెనక ఎవరిదో మిక్సీ శబ్దం.

"పక్కింటావిడ ఫోను. వెనక గోడ మీంచి ఇచ్చింది. అతను స్నానంలో ఉన్నాడు. విను. బొకే ఎప్పటికవుతుంది?"

"అక్కా, నీ చెయ్యి..."

"చేతికేం, మానింది. అడిగినదానికి చెప్పవే, పందికొక్కా."

ఆ తిట్టు విని నాకు ఏడుపు ఆగలేదు.

"తొందరగా చెయ్యి. అది తీసుకోవడానికి ఇద్దరం వస్తామన్నాడు. అక్కడికి వస్తే నేను... వస్తే చాలు. ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. కప్పులు కూడా." నవ్వబోయింది. మధ్యలో విరిగిపోయింది. "నువ్వు చెప్పినప్పుడు నవ్వాను కదే. అతను కోప్పడడు తెలుసా. ఒక్క అరుపు లేదు. చెయ్యి పట్టుకుని సరిచేస్తాడు, అంతే. ఎలా కూర్చోవాలో. గ్లాసు ఎలా పట్టుకోవాలో. సరైందాకా వదలడు."

నీళ్ళ చప్పుడు ఆగింది కాబోలు. "ఉంటా" అంది. పెట్టేసింది. మిక్సీ శబ్దం చెవిలో ఉండిపోయింది.

నంబరు దాచుకున్నాను. "మిక్సీ ఆంటీ" అని రాశాను.

23, సోమవారం

అతను ఫోన్ చేశాడు. "మంగళవారానికి అవుతుందా మరదలుగారూ? రేపు కాదు, వచ్చే మంగళవారం. నేనే వచ్చి తీసుకుంటాను."

"ఇద్దరూ వస్తున్నారుగా?"

"ఒక్కడినే. మీ అక్కకి ప్రయాణం పడదు." కాస్త ఆగి, "నిన్న ఎవరితోనో మాట్లాడిందట. మీతోనేనా?"

"లేదే" అన్నాను. వెంటనే అన్నాను, గొంతు తడబడలేదు. అబద్ధం ఇంత బాగా చెప్పగలనని నాకు తెలియదు. ఫోను పెట్టాక మాత్రం బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. మాట్లాడిందని అతనికి ఎలా తెలిసింది? ఆవిడ చెప్పిందా? గోడ దగ్గర అడుగుల గుర్తులు చూశాడా? అడిగినప్పుడు అక్క చెయ్యి ఎవరి చేతిలో ఉంది?

మిక్సీ ఆంటీకి ఫోన్ చేశాను. "నేనెందుకు చెప్తానమ్మా. గోడ మీద ఆ పిల్ల చెయ్యి ఆన్చిన చోట సున్నం రాలింది. అతను దాన్ని చూస్తూ నిలబడ్డాడు. పొద్దున మళ్ళీ సున్నం వేశాడు, నున్నగా. ఆ పిల్ల అన్నం తిందో లేదో తెలియదు. నాకు భయంగా ఉంది, మీరెవరైనా రండి."

సాయంత్రం నాన్న వరండాలో నీళ్ళ మీటరు ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. ఊళ్ళో నీళ్ళ మీటర్లన్నీ నాన్నే బాగుచేస్తాడు, కొన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. పక్కన కూర్చుని చెప్పాను. అమ్మకి చెప్పినట్టు పరిగెత్తుతూ కాదు, నెమ్మదిగా. నాన్న తల ఎత్తలేదు. పళ్ళచక్రం ఒకటి గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిందే తుడిచాడు.

చక్రాన్ని వెలుగులో తిప్పి చూస్తూ అన్నాడు. "సంబంధం ఖాయమైనప్పుడు ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళాగా. వెనక గోడ నా భుజం దాకా ఉంటుంది. లోపలి వైపు మీటరు గూడుంది, ఇనప మూత."

"అయితే?"

"పాత రకం మూత. మందం. మనిషి ఎక్కి నిలబడినా ఆగుతుంది."

చక్రం బిగించాడు.

24, మంగళవారం

ఇవాళ షాపు సెలవు, అతను ఇంట్లోనే ఉంటాడు. ఇవాళ కుదరదు.

మేడంకి సెలవు అడిగాను. ఎందుకని అడగలేదు. "వచ్చే మంగళవారం అతనొస్తే?" అన్నాను. "రానీ. వచ్చి నా ఫ్రేములు సర్దమను, నలభై ఉన్నాయి" అంది. తర్వాత లేచి, రిబ్బన్ ఉన్న కాగితం, స్లిప్పు, పిడి ఫోటోలు ఒక కవర్లో పెట్టి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మొలలో దోపుకుంది. మూడో పొర పోసి ఉంది, పూలు మెడ దాకా మునిగి ఉన్నాయి. మిగతాది నేను పొయ్యను.

భయం తగ్గలేదు. ఎక్కువైంది. ఇందాక చెంచా కింద పడితే ఎగిరిపడ్డాను. అతను రేపు షాపుకి వెళ్ళకపోతే? దారిలో ఎదురైతే? అక్క రానంటే? అక్క అనొచ్చు, "బాగానే ఉన్నానే" అని. అంటే గోడ ఇవతల నిలబడి మళ్ళీ అడుగుతాను. సాయంత్రం దాకా అడుగుతాను.

పిన్ని ఇవాళ కూడా వచ్చింది. నా మొహం చూసి, "ఇంకా మానలేదా నీకు?" అంది. లేదు పిన్నీ అన్నాను.

కళ్ళజోడు తీసి కాళ్ళు రెండూ వెనక్కి వంచేశాను. పాతలాగే వంకరగా ఉంది. ముక్కు మీంచి జారుతోంది. చెవుల వెనక ఎర్రగా రెండు గీతలు, ముట్టుకుంటే మంట.

గుమ్మం దగ్గర నా చెప్పుల పక్కన నాన్న బూట్లు ఉన్నాయి, పాలిష్ చేసి. నేనేం అడగలేదు.

అమ్మకి చెప్పడం లేదు. చెల్లెలే కాపరం కూల్చిందంటారు. అననీ.

అతను తొమ్మిదిన్నరకి షాపు తెరుస్తాడు. ఆరింటి బస్సు పదింటికి అక్కడికి చేరుతుంది. మిక్సీ ఆంటీ తన పెరటి తలుపు తీసి ఉంచుతానంది. తిరుగు బస్సు పన్నెండింటికి.

రేపు అక్కని తీసుకొస్తున్నాను.